సంతకంతోనే సరుకు కదలదు

సంపాదకులకు,

పొరుగు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందాలంటే నాయకులు చేతులు కలిపే ఫొటోలేనని చాలామంది కొట్టిపారేస్తారు. అది పూర్తిగా సరికాదు. దేశాల మధ్య ఒప్పందాలకు నియమాలు చెప్పే 1969 నాటి వియన్నా ఒడంబడిక 27వ అధికరణం ప్రకారం, సొంత చట్టాన్ని సాకుగా చూపి ఒప్పందాన్ని ఎగ్గొట్టడం కుదరదు. ఒప్పందం లేకపోతే ఏమవుతుందో 1989లో నేపాల్ చూసింది. భారత్‌తో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరాక సరిహద్దు దారులు చాలావరకు మూతపడి, ఇంధనానికి కటకట వచ్చింది.

అయితే సుంకం తగ్గిస్తామని రాసుకుంటే సరిపోదు. అసలు చిక్కంతా వస్తువు ఎక్కడ తయారైందన్న దగ్గరే. 2000లో అమల్లోకి వచ్చిన భారత్-శ్రీలంక ఒప్పందంలో, మూడో దేశపు ముడిసరుకు వాడితే సాధారణంగా కనీసం 35 శాతం విలువ ఎగుమతి చేసే దేశంలోనే చేరాలి. నిబంధన సబబే. లేకపోతే మూడో దేశపు సరుకు లేబుల్ మార్చుకుని దొడ్డిదారిన వచ్చేస్తుంది. కానీ దాన్ని రుజువు చేసే సర్టిఫికెట్లు, లెక్కల పత్రాలు పెద్ద కంపెనీకి ఒక గుమాస్తా చేసే పని, చిన్న వ్యాపారికి మాత్రం పెద్ద టెన్షన్. ఇంత తలనొప్పి ఎందుకని రాయితీ వదులుకుని మామూలు సుంకమే కట్టేసేవారూ ఉంటారు. అలాంటప్పుడు ఆ రాయితీ ఎవరి కోసమో!

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఇంకో మెట్టు ఎక్కాయి. 1998 నుంచి, కొన్ని మినహాయింపులు పోను, ఒక దేశంలో చట్టబద్ధంగా అమ్మే వస్తువును రెండో దేశంలోనూ అమ్మవచ్చు. సుంకంలో నాలుగు శాతం తగ్గించడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం. ఇలా ఒకరి వస్తు ప్రమాణాలను మరొకరు గుర్తించడాన్ని ఎక్కడో అనుబంధంలో కాకుండా ఒప్పందం మొదట్లోనే రాయాలి. చిన్న వ్యాపారులకు, వస్తువు ఎక్కడ తయారైందో చెప్పే ధ్రువపత్రాలు ఆన్‌లైన్‌లో, తక్కువ ఫీజుకే ఇవ్వాలి.

— ఒక పాఠకుడు