షాక్‌కి ఏ నూనె పోయాలంటే

ప్రియమైన రవీ,

ఇంట్లో కుట్టుమిషన్ నూనె సీసా ఉంది, సైకిల్ కుదుపులను మింగే గాలి షాక్ అబ్జార్బర్‌లో అదే పోసేయనా అని అడిగావు. పోయకు రా, నీకు పుణ్యముంటుంది! అది మరీ పల్చన. నీ బరువుకు ఆ షాక్‌లో గాలి 200 పీఎస్ఐ దాకా పట్టాల్సి ఉంటుంది. కారు టైరులో ఉండేదే 30, 35. అంత ఒత్తిడి మీద సీలు, అంటే గాలిని బయటికి పోనివ్వని రబ్బరు వలయం, గొట్టం గోడను రాసుకుంటూ తిరుగుతుంటే ఆ పల్చటి పొర ఎంతసేపు నిలుస్తుంది? అలాగని చక్రాల బేరింగులకు పెట్టే గ్రీజు తెచ్చి పూస్తావేమో, అదీ వద్దు. అది మరీ చిక్కన. చిన్న రాయి ఎక్కినప్పుడు షాక్ మొరాయించి కూర్చుంటుంది, పెద్ద దెబ్బ తగిలితేగానీ కదలదు. గాలి షాక్‌కు అసలు శత్రువు ఈ రాపిడే. స్ప్రింగు చుట్టలున్న షాకులకు ఇంత గాలిని ఆపే సీళ్లు అక్కర్లేదు కాబట్టి ఈ బాధ తక్కువ.

సీళ్లకు కావలసింది సస్పెన్షన్ కోసమే తయారైన మెత్తటి గ్రీజు. స్లిక్ హనీ, స్లికోలియం, శ్రామ్ బటర్ అని దొరుకుతాయి. నన్నడిగితే వీటిలో ఏది దొరికితే అది కొనుక్కో, పేర్ల గురించి కొట్టుకునే వాళ్లను కొట్టుకోనీ. ఎంత పూస్తామన్నదే ముఖ్యం. దోసె పెనానికి ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తామే, అంత పూత చాలు. సీలు చుట్టూ వేలితో రాశాక మెరుపు కనబడాలి, ముద్ద కనబడకూడదు. ఎందుకంటే చాలా షాకుల్లో గొట్టం లోపలి గోడకు ఒకచోట చిన్న పల్లం ఉంటుంది. పిస్టన్ సీలు దాన్ని దాటే ఆ రెప్పపాటులో పెద్ద గదిలోని గాలి రెండో వైపున్న చిన్న గదిలోకి సర్దుకుంటుంది. గ్రీజు దట్టించావా, ఆ పల్లం పూడిపోతుంది. చిన్న గదికి గాలి అందదు, షాక్ మొదట్లోనే బండగా తగులుతుంది. ఇక నువ్వు పంపు పట్టుకుని గాలి తీస్తూ, పెడుతూ, లోపం ఎక్కడుందో తెలియక తల పట్టుకుంటావు.

గ్రీజు తరువాత గాలి గదిలో కొద్దిగా నూనె పడాలి. షాక్ ఊగినప్పుడల్లా అది చింది సీళ్లను తడుపుతుంది. షాకులు తయారుచేసే కంపెనీల్లో ఫాక్స్ వాళ్లు 20 వెయిట్ గోల్డ్ అనే నూనె పోయమంటారు. రాక్‌షాక్స్ వాళ్లు కొంతకాలం 0డబ్ల్యూ-30 నూనె వాడి, తరువాత మాక్సిమా ప్లష్ రకాల నూనెలకు మారారు. మాన్యువల్‌లో ఎన్ని మిల్లీలీటర్లు రాసి ఉంటే అన్నే, సిరంజితో కొలిచి పొయ్యి. ఇంకొంచెం పోస్తే ఇంకా మెత్తగా ఉంటుందనుకుంటావు, కానీ నూనె చోటు ఆక్రమిస్తే గాలికి చోటు తగ్గి షాక్ చివర్లో గట్టిపడుతుంది. డబ్బాల మీద చిక్కదనానికి గుర్తుగా వేసే ‘వెయిట్’ అంకెను మాత్రం నమ్మకు. ఒక కంపెనీ 5 ఇంకో కంపెనీ 7.5 కంటే చిక్కగా ఉండవచ్చు. 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఎన్ని సెంటీస్టోక్సో చూసి పోల్చుకో.

షాక్ ఊపును అదుపు చేసే భాగాన్ని డ్యాంపర్ అంటారు, దానిలోని నూనె సంగతి వేరు. అది రంధ్రాల గుండా పారి ఊపును ఆపడానికి ఉన్నది, సీళ్లను తడపడానికి కాదు. దాని వెనక నైట్రోజన్ గట్టి ఒత్తిడిలో ఉంటుంది. ఆ భాగం జోలికి ఇంట్లో వెళ్లకు.

విప్పాక సీళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడువు. అవి ఎక్కువగా నైట్రైల్ రబ్బరువి. మినరల్ ఆయిల్ వాటికి పడుతుంది, బ్రేకుల్లో పోసే డాట్ ద్రవం పడదు, ఉబ్బిపోతాయి. మీ బావ డబ్ల్యూడీ-40 కొట్టమంటాడు, నాకు తెలుసు. 1953లో నీటిని తరమడానికి పుట్టిన ద్రవం అది. నువ్వు పూసిన గ్రీజును కూడా తరిమేస్తుంది. బావగారితో వాదన పెట్టుకోకు, డబ్బా దాచెయ్.

ఒక్క విషయంలో మాత్రం అశ్రద్ధ వద్దు. విప్పేముందు గాలి పూర్తిగా తీసెయ్యి. తీశాక కూడా షాక్ కుంగిపోయి పైకి రాకపోతే చిన్న గదిలో గాలి చిక్కుకుందన్నమాట. మర తిప్పితే గొట్టం తూటాలా ఎగిరిపడుతుంది. అలాంటప్పుడు విప్పకుండా పని తెలిసినవాళ్లకు ఇచ్చెయ్. తిరిగి బిగించాక 50 పీఎస్ఐ పెట్టి, నెమ్మదిగా పదిసార్లు నొక్కి వదులు. పల్లం దాటేటప్పుడు ‘స్స్’మని సన్నగా వినబడుతుంది. ఆపైన మిగతా గాలి పట్టించు.

రాక్‌షాక్స్ అయితే ఈ గాలి గది శుభ్రం 50 గంటల స్వారీకి ఒకసారి చేయమంటారు. మీ విశాఖ ఉప్పుగాలికీ, అరకు దారుల ఎర్రమట్టికీ నేనైతే అంతకంటే ముందే చేస్తాను. షాక్ ఒంటి మీద చెక్కి ఉన్న నంబరు ఫొటో తీసి పంపు, ఏ సీల్ కిట్ పడుతుందో చూసి చెబుతాను. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
శ్రీధర్