ఐటీఐల్లో బ్లెండర్ నేర్పించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

తిరుపతి కొర్లగుంటలో ఉంటూ ఇళ్ల ఎలివేషన్లు, మాధవమాల చెక్క పనివాళ్లకు త్రీడీ మోడళ్లు చేసి బతుకుతున్నాను. మోడలింగ్, రెండరింగ్ (మోడల్‌కు రంగు, వెలుగునీడలు వేసి బొమ్మగా తీయడం) అంతా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనే. కొలతలు ఖచ్చితంగా ఉండాల్సిన భాగాలు ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో. రెండింటికీ లైసెన్సు ఖర్చు లేదు. అయినా ‘ఫ్రీదా? మరి పనికొస్తుందా?’ అనేవాళ్లే ఎక్కువ.

మొన్న ఒకాయన ద్వారబంధం మీద గజలక్ష్మిని చెక్కించాలనుకున్నారు. టేకు రంగు వేసి, పొద్దుటి ఎండ పడేలా బ్లెండర్‌లోని సైకిల్స్ అనే రెండరింగ్ ఇంజిన్‌లో రెండర్ చేసి చూపించా. తొండాల నీడ అమ్మవారి ముఖం మీద పడుతోందని ఆయనే పట్టుకున్నారు. చెక్క మీద ఉలి పడకముందే లోతు తగ్గించాం.

2002లో జనం చందాలతో లక్ష యూరోలు పోగయ్యాకే బ్లెండర్ కోడ్ అందరిదీ అయింది. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా సినిమా చేసింది ఇందులోనే.

పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్ చదువుకునేటప్పుడు ఉచితంగానే ఇస్తారు. బయటికొచ్చి సొంతంగా పని పెట్టుకుంటే ఏటా చందా కట్టాలి. చాలామంది పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు, లేదా దొంగ కాపీలు వేసుకుంటున్నారు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఎలాగూ కొనక తప్పదు, దానిపైన ఈ భారం ఎందుకు? మన జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్ ల్యాబుల్లో వచ్చే ఏడాదైనా బ్లెండర్ ఎక్కించాలి. నేర్పేవాళ్లు లేరంటే సాయంత్రాలు నేనొస్తాను, జీతం అక్కర్లేదు.

– ఒక త్రీడీ డిజైనర్, కొర్లగుంట, తిరుపతి