మోకాలు నొప్పా? ఫ్రీవీలు పళ్లు లెక్కపెట్టండి

సంపాదకుడు గారికి,

డాక్టరు గారు వ్యాయామం చెయ్యమన్నారని నలభై, యాభై ఏళ్ల వయసులో కొత్త సైకిలు కొని, నెల తిరక్కుండానే మోకాలిచిప్ప నొప్పితో దాన్ని వసారాలో పెట్టేసేవాళ్లు మన గోదావరి డెల్టాలో చాలామంది ఉన్నారు. సైకిలు తొక్కితే మోకాళ్లు అరిగిపోతాయని పదిమందికీ చెబుతారు. చాలా సందర్భాల్లో తప్పు సైకిలుది కాదు. వాళ్లకు అంటగట్టిన బరువు గేరుది, కిందికి దించేసిన సీటుది.

"మనది చదును నేల, కొండా గుట్టా లేదు, గేర్లెందుకండీ?" అన్న మాట షాపుల్లో తరచూ వినిపిస్తుంది. నేల చదునే, కానీ గాలి ఉంది. వేసవిలో మధ్యాహ్నం నుంచి సముద్రం మీది గాలి, వానాకాలంలో పడమటి గాలి వరిచేల మీదుగా అడ్డూ ఆపూ లేకుండా వస్తాయి. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే మనిషికి అంతే వేగంతో గాలి ఎదురైతే, ఒంటిమీద గాలి తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. నిటారుగా కూర్చుని తొక్కేవారికి అది ఇంచుమించు 100 మీటర్లకు 2 మీటర్లు లేచే ఎత్తు ఎక్కడంతో సమానం. గోదావరి మీది సిద్ధాంతం వంతెన, చించినాడ వంతెన ఎక్కుడు కాసేపట్లో అయిపోతుంది. ఎదురుగాలి మాత్రం రాజోలులో పట్టుకుంటే అంతర్వేది దాకా వదలకపోవచ్చు.

కాబట్టి కొనే ముందు చూడాల్సింది రంగూ, షోకూ కాదు, పళ్లు. ముందు చైన్‌వీల్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం) పళ్లను వెనక ఫ్రీవీలు (వెనక చక్రం మధ్యలోని పళ్లచక్రం) పళ్లతో భాగించి, చక్రం చుట్టుకొలతతో గుణిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగినప్పుడు సైకిలు ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 28 అంగుళాల పాత తరహా సైకిలు చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. ముందు 44, వెనక 18 పళ్లుంటే 5.4 మీటర్లు వస్తుంది. 48, 18 అయితే 5.9. కుర్రాళ్లు ముచ్చటపడే సన్నటైర్ల ఒంటిగేరు సైకిలుకు చక్రం కాస్త చిన్నదైనా, 46, 16 ఉంటే 6 మీటర్లు. ఈ దూరం పెరిగినకొద్దీ ఒక్కో తొక్కుకు మోకాలు మోయాల్సిన బరువూ పెరుగుతుంది. కొత్తవారు కొనే ఒంటిగేరు సైకిలుకు ఇది 4.5 మీటర్లు దాటకూడదని నా గట్టి అభిప్రాయం.

పళ్లు లెక్కపెట్టే ఓపిక లేకపోతే దర్జీ టేపు చాలు. కుడి పెడలును సరిగ్గా కిందికి తెచ్చి, వెనక చక్రం నేలను తాకిన చోట సుద్దతో గీత పెట్టండి. సైకిలును మెల్లగా వెనక్కి నడిపించండి. వెనక్కి నడిపితే పెడళ్లు కూడా వెనక్కి తిరుగుతాయి. కుడి పెడలు మళ్లీ కిందికి వచ్చేసరికి చక్రం ఎక్కడుందో అక్కడ ఇంకో గీత పెట్టి, మధ్య దూరం కొలవండి. షాపు ముందే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఇంట్లో ఉన్న సైకిలును అమ్మెయ్యనక్కర్లేదు. 18 పళ్ల ఫ్రీవీలు తీయించి 22 పళ్లది వేయిస్తే 5.4 మీటర్లు 4.4కు దిగుతుంది. గంటకు 18 కిలోమీటర్లు పోవడానికి నిమిషానికి 56 చుట్లు తొక్కేవారు 68 తొక్కాలి, కానీ ఒక్కో తొక్కు బరువు దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. కారియరు మీద పాలక్యానో కొబ్బరికాయల బస్తానో వేసుకుని ఏటిగట్టు ఎక్కేవారికి ఈ మార్పు ఇంకా అవసరం.

ఈ పని సగం సగం చేస్తేనే చిక్కు. పెద్ద ఫ్రీవీలు మీద పాత చైనే ఉంచితే చక్రం ఇంచుమించు 12 మిల్లీమీటర్లు ముందుకు జరగాలి. ఇరుసు కూర్చునే స్లాటులో అంత చోటు లేకపోతే చైనుకు ఒక అంగుళం కలపాలి, అంటే ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు. చక్రం జరిగితే ఊచల బ్రేకు కట్టెలు రిమ్ముకు సరిగా ఆనవు, వాటినీ సర్దించాలి. చైను మొత్తం కప్పే కేసు ఉంటే 22 పళ్ల ఫ్రీవీలు దాన్ని గీరుతుందేమో చూడాలి. 12 అంగుళాల స్కేలు ఒక చివరను చైను పిన్ను మీద పెట్టినప్పుడు రెండో చివర పిన్ను 1/16 అంగుళం దాటి కనిపిస్తే ఆ చైను సాగిపోయినట్టే. దాన్ని కొత్త ఫ్రీవీలు మీద వేస్తే కొత్త పళ్లను త్వరగా అరగదీస్తుంది. రెండూ కలిపి మార్చడమే మేలు. ఫ్రీవీలు బిగించే ముందు మరలకు గ్రీజు రాయమనండి. తొక్కేకొద్దీ అది బిగుసుకుంటూనే ఉంటుంది, తుప్పు కూడా తోడైతే మళ్లీ ఊడి రాదు.

గేర్ల సైకిలే కొనేవారు ఎన్ని గేర్లని అడగడం మానేసి, అన్నిటికన్నా తేలిక గేరు ఎంతని అడగాలి. ముందు 42, 34, 24, వెనక 14 నుంచి 28 ఉన్న 26 అంగుళాల సైకిలుకు ముందు మధ్యదైన 34, వెనక 28 కలిస్తేనే 2.5 మీటర్లు, 24 వేస్తే ఇంకా తేలిక. ఆ 34, 28 మీద ఎదురుగాలిలో గంటకు 12 కిలోమీటర్లే పోతున్నా కాళ్లు నిమిషానికి 80 చుట్లు తేలిగ్గా తిరుగుతాయి. అదే 44, 18 మీద ఆ వేగానికి 37 చుట్లే, ప్రతి చుట్టూ రోకటిపోటే. గేరు మార్చాల్సింది వంతెన మధ్యలో కాదు, ఎక్కుడు మొదలవకముందే. బలంగా తొక్కుతూ మారిస్తే చైను పట్టు తప్పుతుంది. ఆగే ముందే తేలిక గేరులోకి తెచ్చుకుంటే బయలుదేరేటప్పుడు మోకాలిపై భారం పడదు. పంటులో (ఏరు దాటించే పడవలో) సైకిలును పడుకోబెట్టాల్సి వస్తే గేర్లున్న కుడివైపు పైకి ఉంచండి. వెనక గేరు వేలాడే కొక్కెం వంగితే ఏ గేరూ సరిగా పడదు.

తొక్కేటప్పుడు 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కపెట్టండి. 17 నుంచి 20 ఉంటే మంచిది. 15 కన్నా తగ్గితే తేలిక గేరుకు మారాలి.

సీటు సంగతి ముఖ్యం. దిగకుండానే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు దించేసుకుంటారు, మోకాలి ముందుభాగం నొప్పికి అదో పెద్ద కారణం. పెడలు కిందికి వచ్చినప్పుడు దానిపై మడమ పెడితే కాలు నిటారుగా చాపుకోవాలి. తొక్కేటప్పుడు ముంగాలు పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ముందువైపు నొప్పి వస్తే సీటు 5 మిల్లీమీటర్లు పెంచి, వెనకవైపు వస్తే అంతే తగ్గించి, రెండు మూడు రోజులు తొక్కి చూడండి. సీటు గొట్టం మీది హద్దు గీత బయటికి కనిపించేదాకా మాత్రం పెంచకూడదు. మోకాలు వాచినా, పట్టేసినా సైకిలు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకోవాలి.

షాపుల వారికి ఒక మనవి. ధర చీటీ మీదే ముందు పళ్లెన్ని, వెనక పళ్లెన్ని అన్నది రాసి పెట్టండి. 20, 22 పళ్ల ఫ్రీవీళ్లు నాలుగైనా నిల్వ ఉంచండి. కొత్త సైకిలు కొన్నరోజే మార్చుకుంటామన్న వారికి, తేడా డబ్బు తీసుకుని మార్చి ఇవ్వండి.

— ఒక సైకిల్ మెకానిక్, అమలాపురం