తాళాల గుత్తి

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఉభయకుశలోపరి.

మొన్న ఫోన్‌లో "ఊళ్ళో ఒక్కదానివే ఉండొద్దు, మా ఇంటికి వచ్చెయ్యమ్మా" అని నువ్వు ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. "సరేలే, ఆలోచిస్తాను" అని పెట్టేశాను. ఆ మాట నిజం కాదు తల్లీ. ఆలోచించాల్సిందంతా ఎప్పుడో ఆలోచించేశాను. ఫోన్‌లో చెబితే మళ్ళీ ఏడుస్తావని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు రోజులుగా రోజుకింత రాస్తున్నాను.

ఎదురింటి బాబాయి పోయిన దగ్గర్నుంచి నీకు నా గురించి టెన్షన్ పట్టుకుంది. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఆయన్ని మూడు రోజులు ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. రాత్రిళ్ళు ఆ బాక్సు పక్కన పక్కింటి పిన్నీ, వెనక వీధి పెద్దమ్మా, నేనూ కూర్చున్నాం. కరెంటు పోతుందేమోనని జనరేటర్ తెప్పించారు. ఆ మోటారు చప్పుడు తప్ప వీధిలో ఇంకో అలికిడి లేదు. తీరా పాడె మోయడానికి చూస్తే, ఉన్న మగవాళ్ళందరూ అరవై దాటినవాళ్ళే. ఒకాయనకు గుండె ఆపరేషన్ అయింది, ఇంకొకాయన చేతికర్ర లేకుండా నడవలేడు. చివరికి టౌను నుంచి వైకుంఠ రథం పిలిపించారు. మీ నాన్న పోయినప్పుడు భుజం మార్చుకోవడానికి మనుషులు వెంట వెంట నడిచారు, గుర్తుందా? పదహారేళ్ళలో ఊరు ఇంతగా ఖాళీ అయింది.

మా కాలంలో గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మ వేసి, ఇద్దరు లేక ముగ్గురు చాలని రాసేవాళ్ళు. మేం ఇద్దరితో ఆపుకున్నాం, మిమ్మల్ని చదివించాం. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధనను మొన్న 2024లో ఎత్తేశారు. మన బడికి వెళ్ళి చూస్తే ఒక్క గదిలోనే పిల్లలున్నారు. మిమ్మల్ని చదివించి పంపినందుకు నాకు ఏ బాధా లేదు. మీరు వెళ్ళాలనే మేం కోరుకున్నాం.

నీ భయం తప్పు కాదు. నాకూ ఉంది. చావంటే కాదు, పడిపోతానేమోనని. నీకు చెప్పని సంగతి ఒకటి చెబుతాను, కోప్పడకు. ఆషాఢంలో వాన పడ్డ మర్నాడు పెరట్లో బాత్‌రూమ్ దగ్గర జారిపడ్డాను. ఎముక విరగలేదు గానీ లేవలేకపోయాను. పాలబ్బాయి వచ్చి పిలిచేదాకా అలాగే పడి ఉన్నాను. ఎంతసేపో తెలియదు. పిట్టలు అరవడం మొదలుపెట్టాయి, ఎండ గోడ మీదికి వచ్చింది. ఆ కాసేపూ నిన్నే తలుచుకున్నాను. ఈ సంగతి ఇన్నాళ్ళు దాచడం నా తప్పే.

ఇదంతా తెలిసీ ఎందుకు రానంటున్నానో చెబుతాను. మన వీధిలో ఏడు ఇళ్ళ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళ పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరూ వచ్చి "కాస్త చూస్తుండు అత్తా" అని నా చేతిలో పెట్టి వెళ్ళారు. శుక్రవారం శుక్రవారం తలుపులు తీస్తాను, ఊడుస్తాను, కుళాయి తిప్పి చూస్తాను, దేవుడి దగ్గర దీపం పెడతాను. ఒక ఇంట్లో బీరువా వెనక చెద పట్టింది. నేను చూడకపోతే గుమ్మాల దాకా తినేసేది.

అందులో పెద్ద డాబా ఒకటి. 1977 ఉప్పెన నాటికి నేను కాపురానికి వచ్చి మూడేళ్ళు. అన్నయ్య ఇంకా చంకలో పిల్లాడు. నవంబరు 19 రాత్రి మన తాటాకు కప్పు ఎగిరిపోయింది. మీ నాన్న నా చెయ్యి పట్టుకుని ఆ డాబాలోకి లాక్కెళ్ళారు. మేం వెళ్ళేసరికే అందులో కాలు పెట్టే చోటు లేదు. ఆ ఇంటావిడ గాదెలో బియ్యం తీసి తెల్లవార్లూ గంజి కాచింది, మీరెవరు అని ఎవర్నీ అడగలేదు. దివిసీమలో సముద్రం పక్క ఊళ్ళలో వేల మంది కొట్టుకుపోయారు. మన ఊరిదాకా నీళ్ళు రాలేదు గానీ గాలి ఏదీ మిగల్చలేదు. మేం మిగిలింది ఆ గోడల వల్ల. ఇవాళ ఆ ఇంట్లో ఎవరూ లేరు. తాళం తీసినప్పుడల్లా నాకు ఆ గంజి వాసన వచ్చినట్టుంటుంది. ఆ ఇంటి గుమ్మానికి చెద పడుతుంటే చూస్తూ ఊరుకోమంటావా?

ఇంకా మనుషులున్నారు. ఒకటో తారీఖు తెల్లవారగానే సచివాలయం అబ్బాయి పింఛన్లు తెస్తాడు. వెనక వీధి పెద్దమ్మకు వేలిముద్రలు పడవు. బతుకంతా నాట్లు వేసీ కలుపు తీసీ ఆ వేళ్ళ మీద గీతలే లేకుండా పోయాయి. ఫోన్‌కి ముఖం చూపించమంటే భయపడి కళ్ళు మూసుకుంటుంది. నేను పక్కన నిలబడి "కళ్ళు తెరువక్కా" అనాలి. పింఛను 2014 దాకా 200 రూపాయలు ఉండేది, ఇప్పుడు 4 వేలు. ఆ డబ్బు వల్ల ఇంట్లో తన మాటకు విలువ వచ్చిందని ఆమె నాతో చెప్పింది. ముసలివాళ్ళ చేతిలో సొంత డబ్బు ఉండటం ఎంత ధైర్యమో మీ వయసులో తెలియదు.

మీ ఇంట్లో ఉన్న మూడు నెలలూ నన్ను కళ్ళలో పెట్టుకుని చూశావు. అల్లుడు గారూ అంతే. కానీ పొద్దున్న మీరందరూ వెళ్ళిపోయాక సాయంత్రం దాకా నా అవసరం ఎవరికీ ఉండేది కాదు. ఇక్కడ మోకాళ్ళు నొప్పెడుతున్నా లేవాల్సిన పని ఉంటుంది.

ఇక్కడ అంతా బాగుందని చెప్పను. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం, మంచిదే. కానీ మన ఊరికి వచ్చేది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డాక్టర్ దగ్గరికి పోతే రోజంతా పోతుంది. గోడ మీద 108తో పాటు 14567 నంబరు కూడా పెద్ద అక్షరాలతో రాయించాను. అది పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఫోనట.

నువ్వు చేయగలిగినవి చెబుతాను. సంక్రాంతికి వచ్చినప్పుడు మేస్త్రిని పిలిచి బాత్‌రూమ్ ఇంటిలోపలికి మార్పించు. కూర్చుని లేవడానికి కమోడ్, పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీలు, జారని రాళ్ళు. డబ్బు నా దగ్గర ఉంది, కౌలు డబ్బు అలాగే దాచాను. రోజూ పొద్దున ఆరింటికి ఒక్క ఫోన్ చెయ్యి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, నేను ఎత్తకపోతే మాత్రం వెంటనే పక్కింటి పిన్నికి చెయ్యి.

అన్నయ్యకు నువ్వే నెమ్మదిగా చెప్పు. ఇల్లూ ఎకరంన్నరా నేను బతికుండగా ఎవరి పేరునా రాయను. 2007లో వచ్చిన చట్టం ఉందట, చూసుకుంటామన్న షరతు పత్రంలో రాయించుకుంటే, చూడనప్పుడు ఆర్డీవో దగ్గర రద్దు చేయించుకోవచ్చట. నా బిడ్డల మీద ఆర్డీవో దగ్గరికి వెళ్ళే రోజు నాకు వద్దు. అందుకే నా దగ్గరే ఉండనీయండి. నా తర్వాత అంతా మీ ఇద్దరిదే.

నాకేమైనా అయితే తాళాలు కలిసిపోతాయని ఒక్కోదానికి ఒక్కో గుడ్డ పీలిక కట్టాను. ఎర్రది పెద్ద డాబాది. పసుపుది ఎదురింటి బాబాయిది, నిన్ననే కొడుకు ఇచ్చి వెళ్ళాడు. నీలం, తెలుపు, గళ్ళ గుడ్డ, చారల గుడ్డ ఎవరివో నువ్వు వచ్చాక చూపిస్తాను. ఆకుపచ్చది మీ స్నేహితురాలి వాళ్ళది, అది తిరగాలంటే తలుపు కాస్త పైకెత్తి పట్టుకోవాలి. గుత్తి బియ్యం డబ్బా వెనక మేకుకు ఉంటుంది.

ఇట్లు,
మీ అమ్మ