ఆదివారం మీటింగ్: ఈసారి విలియం ఫేగీ

అందరికీ నమస్కారం 🙏
ఆదివారం సాయంత్రం 6 గంటలకు ఆన్‌లైన్‌లో కలుద్దాం. లింకు 5:45కి ఇక్కడే పెడతాను.

ఈసారి మశూచిని తరిమిన అమెరికన్ ఎపిడెమియాలజిస్ట్ (వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే నిపుణుడు) విలియం ఫేగీ గురించి. 1966 చివర్లో ఆయన తూర్పు నైజీరియాలో ఉన్నారు. మశూచి వచ్చింది, చేతిలో టీకాలేమో కొద్దిగానే. అందరికీ వేసే దారి లేదు. రేడియోలో మిషనరీలను అడిగి రోగులు ఎక్కడున్నారో తెలుసుకుని, వాళ్ల చుట్టుపక్కల వాళ్లకే ముందు వేయించారు. వ్యాప్తి ఆగింది! మన దేశంలోనూ అదే పద్ధతి: ఇంటింటికీ తిరిగి రోగిని వెతకడం. 1974లో బీహార్ అల్లాడిపోయింది, 1975 మే తర్వాత మన దగ్గర కేసే లేదు.

1977 నుంచి 1983 దాకా ఆయన సీడీసీ (అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ) డైరెక్టర్. ఆ భాగం పది నిమిషాలు చాలు, నైజీరియా కథకే టైమ్ ఇద్దాం.

శుక్రవారం రాత్రిలోగా తలా ఒక ప్రశ్న పంపండి. ఇంట్లో పెద్దవాళ్లను 'పెద్దమ్మవారు' (మశూచి) రోజుల గురించి అడిగి రండి. మశూచి టీకా మచ్చ ఉంటే ఫొటో కూడా (క్షయకు వేసే బీసీజీ టీకా మచ్చతో కలిపేయకండి 😄).

మైకులు మ్యూట్‌లో పెట్టడం మరిచిపోవద్దు. పోయినసారి ఎవరింట్లోనో కుక్కర్ ఏడు విజిల్స్ వేసింది.