వ్యాన్లో నీళ్ల ట్యాంకు కారితే ముద్ద అద్దకండి, వెల్డింగ్ చేయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా కోరాపుట్ వైపు ఈ మధ్య క్యాంపర్ వ్యాన్లు బాగా కనిపిస్తున్నాయండి, దేవ్‌మాలి కొండకీ దుడుమ జలపాతానికీ వైజాగ్ నుంచి, విజయనగరం నుంచి ఫ్యామిలీలు వంట, పడక అన్నీ బండిలోనే పెట్టుకుని వచ్చేస్తున్నారు. ఆ వ్యాన్లలో సీటు కింద ఉండే ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు గురించే ఈ ఉత్తరం, ఎందుకంటే అది కారిందంటే మా వైపు షాపుల్లో చేసే రిపేరు చాలావరకు నిలబడట్లేదు.

మా వ్యాన్ ట్యాంకుకి పైపు బిగించే నిప్పల్ పక్కనే వెంట్రుకంత బీట పడింది. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి సిమిలిగుడ చేరేసరికి కింద ప్లైవుడ్ ఉబ్బిపోయి, వేలు పెట్టి నొక్కితే మెత్తగా దిగిపోతోంది. రోడ్డు పక్క షాపు అబ్బాయి రెండు ముద్దలు కలిపి పిసికి అద్ది, ఇంక భయం లేదండి అన్నాడు. మర్నాడు గోరు పెట్టి లేపితే అప్పడంలా మొత్తం ఊడొచ్చేసింది, కింద ప్లాస్టిక్ మీద అంటిన గుర్తు కూడా లేదు.

ముద్ద తప్పేం లేదండి. ఎంసీల్, ఆరల్డైట్, ఫెవిక్విక్ ఇవన్నీ ఇనుముకీ చెక్కకీ పనికొచ్చేవే, గానీ ఈ ట్యాంకులు ఎక్కువగా పాలిథీన్‌తో చేస్తారు, దానికి మామూలు జిగురు ఏదీ పట్టదు. పీవీసీ పైపుల సొల్యూషన్ కూడా అంతే, అది పీవీసీని కరిగించి అతుకుతుంది, పాలిథీన్‌ని కరిగించలేదు.

ముందు అసలు బీటేనా కాదా చూడాలి. చాలాసార్లు నిప్పల్ దగ్గర రబ్బరు వాషర్ ఎండిపోయి కారుతుంది, అది మారిస్తే సరిపోతుంది. ట్యాంకు బయట పొడిగా తుడిచి, పౌడర్ చల్లి, నీళ్లు నింపితే తడి మొదట ఎక్కడ తేలుతుందో తెలిసిపోతుంది.

బీటే అయితే దానికి ప్లాస్టిక్ వెల్డింగే, అంటే ప్లాస్టిక్ కడ్డీని వేడితో మెత్తబరచి ట్యాంకుతో కలిపెయ్యడం. ట్యాంకు మీద త్రికోణం గుర్తులో 2 ఉంటే హెచ్‌డీపీఈ, 4 ఉంటే ఎల్‌డీపీఈ, ఈ రెండూ పాలిథీన్ రకాలే, 5 ఉంటే పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్, ఏది ఉంటే ఆ రకం కడ్డీయే వాడాలి, వేరే రకం అతకదు. బీట రెండు చివర్లా 3 మిల్లీమీటర్ల కన్నం వేస్తే అది ఇంక ముందుకి పాకదు, తర్వాత బీట పొడవునా వీ ఆకారంలో గాడి తీసి, పాత పొర గీకేసి, హాట్ ఎయిర్ గన్‌తో ట్యాంకునీ కడ్డీనీ రెండిటినీ ఒకేసారి మెత్తబరచి కలపాలి, కడ్డీ ఒక్కటే కరిగించి పైన కారిస్తే అది మళ్లీ ఊడిపోయేదే. దాని మీద నీళ్లు పోసి చల్లార్చకండి, దానంతటదే చల్లారనివ్వండి. ఈ పనికి ట్యాంకు బయటికి తియ్యాలి, గ్యాస్ సిలిండర్ ఉన్న బండిలో వేడి గన్ పెట్టొద్దు దయచేసి.

అతికేసి ఊరుకున్నా లాభం లేదు, బీట ఎందుకు పడిందో అదీ చూడాలి. 100 లీటర్ల నీళ్లంటే 100 కేజీల బరువు, ఘాటీ మలుపుల్లో సగం నిండిన ట్యాంకులో అదంతా అటూ ఇటూ కొట్టుకుంటుంది, నిప్పల్‌కి గట్టి పైపు బిగిస్తే ఆ అదురంతా అక్కడే పడుతుంది. అక్కడ మెత్తటి హోస్ ముక్క వెయ్యాలి, ట్యాంకు అడుగంతా సమంగా ఆనాలి, బెల్టుతో కట్టాలి. గాలి వెళ్లే కన్నం మూసుకుపోయినా పంపు లాగేటప్పుడు గోడలు లోపలికి పీక్కుపోతాయి, ఇది చాలామంది చూడరు.

ఇంత పని తెలిసినవాళ్లు మా సిమిలిగుడ, జయపురం షాపుల్లో దొరకడం కష్టంగా ఉందండి. భువనేశ్వర్‌లో సీపెట్ ఉంది, ప్లాస్టిక్ పని నేర్పే కేంద్ర సంస్థే అది, వాళ్లు కోరాపుట్, రాయగడ మెకానిక్‌లకి తెలుగులోనూ ఒడియాలోనూ చిన్న ట్రైనింగ్ పెడితే మావాళ్లు తప్పకుండా వెళ్తారు. చలికాలం టూరిస్టులు మొదలయ్యే ముందే జిల్లా పేజీలో ఈ ఉత్తరం వెయ్యమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యాన్ యజమాని,
సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా