ఎండాకాలం కరెంటు బిల్లు – రెండు మాటలు

అందరికీ నమస్కారం. బిల్లులు చూసి గ్రూపులో నిట్టూర్పులు మొదలయ్యాయి కదా, అందుకే ఇది.

మన తెలంగాణలో నెలకు 200 యూనిట్ల గీత దాటకపోవడమే అసలు పొదుపు. ఇప్పటి రేట్ల ప్రకారం సరిగ్గా 200 దగ్గర ఆగితే మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున 820 రూపాయలు. ఒక్క యూనిట్ ఎక్కువైనా మొదటి 200 మొత్తానికీ 5.10 పడుతుంది, అంటే 1,020. ఫిక్స్‌డ్ ఛార్జీలు వేరే. కాబట్టి రీడింగ్ తీసిన ఇరవై రోజులకు ఓసారి కిందికి దిగి మీటరు చూసుకోండి. గీత దగ్గర పడితే ఇస్త్రీ, వాషింగ్ మెషీన్ పనులు తర్వాతి రీడింగ్ దాకా ఆపొచ్చు.

పాత సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు, కరెంటు తక్కువ తాగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్ల తేడా. ఉన్న ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చేయకండి, అది పొదుపు కాదు, పడకగదిది చాలు. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ చిన్నగా వేస్తే పిల్లలు కూడా హాయిగానే పడుకుంటారు.

గ్యాస్ సంగతి: కందిపప్పు అరగంట నానబెట్టండి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించండి.

కొత్త చింతపండు, ఎండుమిర్చి బస్తా లెక్కన తెచ్చి పంచుకుందామనుకుంటున్నాం. కావలసినవాళ్లు ఎన్ని కిలోలో ఆదివారంలోగా ఇక్కడే రాయండి.